పొలం అమ్మే ముందు వీసా కాగితం చదవండి
(కోట్‌పల్లిలో యువకులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రసంగాలు చేయడం మా వృత్తి కాదు. ముప్పై యేళ్ళకు పైగా గుమాస్తాగా కాగితాలు వ్రాసి, కాగితాలకు నకళ్ళు తీసి, కాగితాలపై ముద్రలు వేసి పదవీ విరమణ చేసినవారము. అందువలన ఈనాడు కూడా కాగితాల గురించే మాట్లాడతాము. మరో విషయంలో మాకు అధికారం లేదు.

ఈ సమావేశం ఎందుకు పెట్టవలసి వచ్చిందో ముందుగా చెప్పాలి. అది చెప్పాలంటే 2003వ సంవత్సరానికి వెళ్ళాలి. ఆనాడు మేము మండల రెవెన్యూ కార్యాలయంలో పనిచేస్తున్నాము. మాకు తెలిసిన ఒక సోదరుడు పహాణీ నకలు కొరకు వచ్చాడు. తాండూరు బండల గనిలో మెకానిక్ పని చేసేవాడు. రాతి దుమ్ముకు దగ్గు పట్టుకున్నది, కూలి గిట్టుబాటు కావడం లేదు. సౌదీకి 'ఆజాద్ వీసా' దొరికిందని, తండ్రి ఇచ్చిన రెండెకరాలు అమ్ముతున్నానని చెప్పాడు. మేమే ఆ నకలు వ్రాసి ఇచ్చాము. "భాయీ, సాక్షిగా ఒక్క సంతకం చేయండి, మీరు చదువుకున్నవారు, కొనేవాడికి నమ్మకం కలుగుతుంది" అంటే రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్ళి సాక్షి సంతకం కూడా మేమే చేశాము. పొలం సర్వే నంబరు సరిచూశాము, హద్దులు సరిచూశాము. వీసా కాగితం చూపించమని మాత్రం అడగలేదు. డిగ్రీ చదివిన గుమాస్తాకు ఆ ఒక్క ప్రశ్న తోచలేదు.

పద్నాలుగు నెలలకు ఆయన తిరిగి వచ్చాడు. విమానం టికెట్టు మీద కాదు, తర్హీల్ నుండి, అంటే వెనక్కి పంపే నిర్బంధ కేంద్రం నుండి. పొలం పోయింది. ఆ పొలంలో ఇప్పుడు మరొకరి కంది పంట పండుతున్నది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా మా సంతకం మాకు గుర్తుకు వస్తుంది.

ఆజాద్ వీసా అంటే ఏమిటో యువకులు తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ మాట ఇప్పటికీ మన వీధులలో వినబడుతూనే ఉన్నది. పేరులో ఆజాదీ ఉన్నది, వీసాలో లేదు. అరబ్బు దేశాలలో ఏ ప్రభుత్వమూ ఆ పేరుతో వీసా ఇవ్వదు. ఒక కఫీలు పేరు మీద వీసా తీస్తారు. ఆ కఫీలు దగ్గర పని ఉండదు. అక్కడికి చేరాక నీవే బయట పని వెతుక్కోవాలి, ఏటేటా ఇఖామా కొరకు కఫీలుకు డబ్బు కట్టాలి. ఒకరి వీసా మీద వచ్చి మరొకరి దగ్గర పని చేయడం ఆ దేశాల చట్టంలో నేరం. కఫీలుకు కోపం వచ్చినా, ఆశ పెరిగినా 'హురూబ్' అని వ్రాయిస్తాడు, అంటే పారిపోయినవాడని ఫిర్యాదు. ఆ క్షణం నుండి నీవు జీతం బకాయి అడగలేవు, ఆసుపత్రికి వెళ్ళలేవు, ఇంటికి రాలేవు. మన సోదరునికి జరిగినది అదే. ఆయన ఎవరినీ మోసం చేయలేదు. చట్టం దృష్టిలో మాత్రం ఆయనే దోషి, డబ్బు తీసుకున్న మధ్యవర్తి ఇక్కడ హాయిగా తిరిగాడు.

ఇది పాత కథ అని మీరు అనుకోవచ్చు. కొన్ని నెలల క్రితం ఆ సోదరుని కుమారుడే మా ఇంటికి వచ్చాడు. ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ కోర్సు చేసినవాడు. ఫోను చూపించి "చాచా, బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు ఎనభై వేలు, భోజనం వసతి వాళ్ళదే. వీసా కూడా అక్కరలేదట. పాస్‌పోర్టు ఇచ్చేశాను. ఏమంటారు?" అని అడిగాడు. ఈసారి ప్రశ్న మాకు తోచింది. "బేటా, కంపెనీ పేరేమిటి?" అన్నాము. ఆ పిల్లవానికి తెలియదు. ఇంటర్వ్యూ ఫోనులోనే జరిగిందట. టైపింగు వేగం అడిగారట, ఇంగ్లీషు వచ్చునా అని అడిగారట. ఎలక్ట్రీషియన్‌ను వైరింగు గురించి ఒక్క మాట అడగలేదు.

2022 సెప్టెంబరులోనే మన విదేశాంగ శాఖ ఈ విషయమై హెచ్చరిక చేసింది. థాయిలాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి బ్యాంకాక్‌లో దించుతారు, అక్కడి నుండి సరిహద్దు నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతానికి తీసుకువెళతారు. కంబోడియా, లావోస్ దేశాలలోనూ ఇదే విధానం. ప్రహరీ గోడల మధ్య ఉన్న భవనాలలో బంధించి, పాస్‌పోర్టు లాక్కుని, పగలూ రాత్రీ ఫోన్ల ముందు కూర్చోబెడతారు. పని ఏమిటంటే మన దేశంలోనివారికే నకిలీ పేర్లతో సందేశాలు పంపి, పెట్టుబడులని, ప్రేమ అని, పోలీసులమని నమ్మించి వారి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేయడం. చేయనంటే కొడతారు, కరెంటు షాకులు పెడతారు, వదలాలంటే లక్షలు అడుగుతారు. 2025 మార్చిలో భారత వాయుసేన విమానాలు థాయిలాండ్‌లోని మేసాట్ నుండి 500 మందికి పైగా భారతీయులను తీసుకువచ్చాయి. వారిలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. ఇంటికి వచ్చాక పోలీసుల విచారణను ఎదుర్కొన్నారు, ఎందుకంటే వారి చేతుల మీదుగా మోసాలు జరిగాయి. ఇందులో రెండు విధాల హాని ఉన్నది. ఒకటి బానిసత్వం. రెండవది హరామ్ సంపాదన అంటే ఏమిటో చిన్నప్పటి నుండి నేర్పిన పిల్లవాని చేత బలవంతంగా ఆ పనే చేయించడం.

అంతకు ముందే రష్యా విషయం జరిగింది. సెక్యూరిటీ గార్డు, సహాయకుడు అని 2023 చివరలో తీసుకువెళ్ళి, తెలియని భాషలో ఒప్పందాలపై సంతకాలు చేయించి, ఉక్రెయిన్ యుద్ధ సరిహద్దుకు పంపారు. యూట్యూబులో వీడియోలు పెట్టి పిల్లలను ఆకర్షించారు. హైదరాబాదుకు చెందిన ఒక ముస్లిం యువకుడు అక్కడ మరణించాడని 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అదే నెలలో సి.బి.ఐ. కేసు నమోదు చేసి అనేక నగరాలలో సోదాలు జరిపింది. ఆ సంవత్సరం జూలైలో ప్రధానమంత్రి మాస్కో వెళ్ళినప్పుడు ఈ సంగతి ప్రస్తావించిన తరువాత సెప్టెంబరులో కొందరు తిరిగి వచ్చారు. వారిలో ఒకరు నారాయణపేటవారు, ముగ్గురు కల్బుర్గివారు. నారాయణపేట మనకు ఎంత దూరం? కల్బుర్గి తాండూరు నుండి రైలులో ఎంతసేపు? ఎక్కడో జరిగిందని అనుకోవడానికి వీలులేదు. దళారి ఫోను కోట్‌పల్లి చెరువు కట్ట మీద కూర్చున్న పిల్లవానికి కూడా మ్రోగుతుంది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా వినండి, దీనిని చాలామంది చదువుకున్నవారు కూడా గమనించరు. పదవ తరగతి పాసు కాని వారి పాస్‌పోర్టుపై 'ఈ.సి.ఆర్.' ముద్ర ఉంటుంది. వారు సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, యు.ఎ.ఇ., ఇరాక్, మలేషియా, థాయిలాండ్ మొదలైన 18 దేశాలకు పని కొరకు వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం అనుమతి కావాలి. అదొక అడ్డంకి అని మనవారు విసుక్కుంటారు. అడ్డంకి కాదు, కాపలా. ఒప్పందం ఉన్నదా, యజమాని ఎవరు, బీమా ఉన్నదా అని అక్కడ ఒకరు చూస్తారు. పదవ తరగతి పాసైన పిల్లలకు ఆ ముద్ర లేదు, ఆ కాపలా లేదు. రష్యా, కంబోడియా, లావోస్, మయన్మార్ ఆ 18 దేశాలలో లేనే లేవు. పైగా 2023 నవంబరులో థాయిలాండ్ భారతీయ పర్యాటకులకు వీసా లేకుండానే ప్రవేశం ఇవ్వడం మొదలుపెట్టింది. కనుక కొత్త దళారీలు అమాయకుడైన కూలీ కంటే ఇంటర్, డిగ్రీ, ఐ.టి.ఐ. చదివిన వారినే వెతుకుతున్నారు. మా పిల్లవాడు చదువుకున్నాడు, మోసపోడు అనే తల్లిదండ్రుల ధీమా ఈ విషయంలో పనికిరాదు.

చట్టబద్ధమైన మార్గం ఉన్నదా అంటే, ఉన్నది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాంగ శాఖలో నమోదై, లైసెన్సు పొందిన ఏజెంటు మాత్రమే మనుషులను విదేశీ ఉద్యోగానికి పంపవచ్చు. లైసెన్సు నంబరు, చిరునామా, గడువు తేదీ 'ఈ-మైగ్రేట్' వెబ్‌సైటులో చూచుకోవచ్చు. మన ఊళ్ళకు వచ్చేవాడు సాధారణంగా ఆ ఏజెంటు కాడు. ఏజెంటు మనిషినని చెప్పుకునే సబ్ ఏజెంటు. చట్టంలో సబ్ ఏజెంటు అనే జీవి లేడు. వానికి ఇచ్చిన ప్రతి రూపాయీ గాలికి ఇచ్చినట్లే. లైసెన్సు ఉన్న ఏజెంటు సైతం సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీ.ఎస్.టి. మాత్రమే తీసుకోవాలి, రెండూ కలిపి 35,400. రసీదు ఇవ్వాలి. ప్రభుత్వ అనుమతి రుసుము 200 రూపాయలు. ప్రవాసీ భారతీయ బీమా యోజనకు రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవికలుడైనా పది లక్షలు వచ్చే బీమా అది. మన ఊరిలో ఒక వీసాకు లక్షన్నర, రెండు లక్షలు అడిగారని విన్నప్పుడు ఈ అంకెలు ఎదురుగా పెట్టుకోండి. మిగతా సొమ్ము దేనికని అడగండి. అడిగితే వీసా వేరొకరికి పోతుందని భయపెడతాడు. పోనివ్వండి.

ఒప్పందం మీకు అర్థమయ్యే భాషలో చదివించుకోండి. అందులో యజమాని పేరు, పని పేరు, మూల వేతనం, పని గంటలు, వసతి, భోజనం, తిరుగు టికెట్టు ఎవరిది అనేవి ఉండాలి. మరణిస్తే మృతదేహాన్ని ఇంటికి ఎవరు చేరుస్తారన్నది కూడా ఉండాలి. ఈ మాట తల్లుల ముందు చెప్పడం మాకు కష్టమే, అయినా చెప్పక తప్పదు. ఇక్కడ చెప్పిన ఎలక్ట్రీషియన్ అక్కడ లేబర్ అయితే ఆ వీసా మీది కాదు. ఖతర్‌కు వెళ్ళేవారికి హైదరాబాదులోనే ఖతర్ వీసా సెంటరు ఉన్నది. వైద్య పరీక్ష, వేలిముద్రలు, ఒప్పందంపై సంతకం అన్నీ అక్కడే జరుగుతాయి. అక్కడ చూపే ఒప్పందంలో జీతం దళారి చెప్పిన దాని కంటే తక్కువ ఉంటే సంతకం చేయకుండా లేచి రావచ్చు. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. 'విజిట్ మీద వెళ్ళు, అక్కడ మార్పిస్తాము' అనే మాట వింటే అక్కడితో ఆపండి.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు ఏ విషయమై ఉన్నదో ఇక్కడి పెద్దలకు తెలుసు. సూరె బఖరా 282వ ఆయతు, అప్పును వ్రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి. దానిని మనం ప్రతి రంజానులో తరావీలో వింటాము. ఈద్ గడిచాక రెండు లక్షలు దళారి చేతిలో కాగితం ముక్క లేకుండా పోస్తాము. 'మనవాడే, టోపీ పెట్టుకున్నవాడే, మసీదులో కలిశాడు' అంటాము. ఆ మాటకు మేమూ బాధ్యులమే. దళారీలకు మసీదు వరండా ఒక దుకాణం కాకుండా చూడవలసినది కమిటీలవారు.

స్త్రీల సంగతి వేరుగా చెప్పాలి. ఇంటి పనికి, అంటే ఖద్దామా పనికి, ఈ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న స్త్రీలు ముప్పై యేళ్ళు నిండకుండా గల్ఫ్‌కు వెళ్ళడానికి వీలులేదు. 2016 నుండి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం ఉన్నది. ప్రైవేటు ఏజెంటు ఎవరైనా మీ ఇంటికి వచ్చి చెల్లెలికో, భార్యకో కువైట్‌లో ఇంటి పని ఉన్నదని చెప్పితే, ఆ మాట చెప్పినందుకే అతనిపై అనుమానం రావాలి. వయసు పెంచి కాగితాలు పుట్టించడం, విజిట్ వీసాపై ఒక దేశం పంపి అక్కడి నుండి మరో దేశం దాటించడం పాతబస్తీలో ఎన్ని కుటుంబాలను కన్నీటిపాలు చేసిందో పత్రికలు చదివేవారికి తెలుసు.

మన రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సంస్థ ఉన్నది, 2015లో ఏర్పడింది. హైదరాబాదు విజయనగర్ కాలనీలో, మల్లేపల్లి ఐ.టి.ఐ. ఆవరణలో కార్యాలయం. గల్ఫ్ దేశాలకే కాక జర్మనీకి నర్సులను, జపాన్‌కు వృద్ధుల సంరక్షకులను పంపే శిక్షణలు కూడా నిర్వహిస్తున్నది. తాండూరులో ఉదయం రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉండవచ్చు. అయితే ఒక ఫిర్యాదు కూడా ఈ వేదిక నుండే చేస్తున్నాము. దళారి ఇంటింటికీ వస్తున్నాడు, మన భాషలో మాట్లాడుతున్నాడు. ప్రభుత్వ సంస్థ మాత్రం మనమే వెళ్ళాలని కూర్చున్నది. 2017లో చేసిన చట్ట సవరణతో ఉర్దూ ఈ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. అలాంటప్పుడు ఈ ప్రకటనలు ఉర్దూలో ఎందుకు ఉండకూడదు? తాండూరు, వికారాబాదులలో ఏడాదికి రెండుసార్లు నమోదు శిబిరాలు ఎందుకు పెట్టకూడదు? మైనారిటీ సంక్షేమ శాఖ, టామ్‌కామ్ కలిసి చేయవలసిన పని ఇది. ఈ మేరకు వినతిపత్రం వ్రాసి తెచ్చాము, సభానంతరం సంతకాలు చేయండి. ఎవరి పేరు వారే స్పష్టంగా వ్రాయండి. గిలికిన సంతకాలను కార్యాలయాలలో ఎలా చూస్తారో మాకు తెలుసు.

చట్టం గురించి మరో మాట. లైసెన్సు లేకుండా మనుషులను పంపినవానికి ఎమిగ్రేషన్ చట్టం 24వ సెక్షను కింద రెండేళ్ళ వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. రెండు వేలు! 1983లో అది కొంత సొమ్మే. ఈనాడు ఒక్క బాధితుని నుండి వాడు తీసుకునే దానిలో వందో వంతు. కనుక ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఆ చట్టంతో ఆగకుండా భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద మోసం నేరం కూడా చేర్చమని పోలీసులను కోరాలి. ఫిర్యాదుకు బలం రసీదు, బ్యాంకు బదిలీ, వాట్సాప్ సందేశాలు. వాటిని తుడిచివేయకండి. నగదు ఇచ్చి, సందేశాలు తుడిచి, తరువాత మా దగ్గరకు వచ్చినవారికి మేము చేయగలిగినది చాలా తక్కువ.

ఇప్పటికే అక్కడ చిక్కుకున్నవారు ఉంటే రాయబార కార్యాలయానికి తెలియజేయాలి, విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090. డబ్బు ఆన్‌లైనులో పోయి ఉంటే 1930కి వెంటనే ఫోను చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. గల్ఫ్ దేశాలలో మరణించిన మన రాష్ట్ర కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల సహాయం ఇవ్వాలని 2024లో ప్రభుత్వం నిర్ణయించింది. దరఖాస్తు కలెక్టరుకు చేయాలి, ఆలస్యం చేయరాదు.

ఆ పిల్లవాని సంగతి మధ్యలో వదిలాము. వాడు, వాని తండ్రి, మేము ముగ్గురం కలిసి ఆ దళారి దగ్గరకు వెళ్ళాము. పాస్‌పోర్టు తిరిగి ఇవ్వాలంటే పదివేలు ఖర్చయిందని అన్నాడు. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం 17వ సెక్షను ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి, దానిని దాచుకుని బేరమాడుతున్నావని మేము వ్రాసి తెచ్చిన ఫిర్యాదు బల్లపై పెట్టాము. ఆయన చదివాడు. టీ తెప్పిస్తానన్నాడు. మేము వద్దన్నాము. మూడవ రోజున పాస్‌పోర్టు వచ్చింది. ఇంత వ్యవహారంలో తండ్రి ఒక్క మాట మాట్లాడలేదు. బయటికి వచ్చాక "భాయీ, ఆనాడు కూడా మీరు వెంట వచ్చారు" అన్నాడు. అది కృతజ్ఞతో, ఎత్తిపొడుపో మేము అడగలేదు.

పిల్లవాడు మాత్రం మాపై కోపంగానే ఉన్నాడు. "వెళ్ళినవాళ్ళు ఫోటోలు పెడుతున్నారు చాచా, మీరు పోనివ్వలేదు. ఇక్కడ ఏమున్నది?" అన్నాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇక్కడ బండల పాలిషింగు యూనిట్లు, ఆటోలు, కూలీ పని, హైదరాబాదులో హోటళ్ళు తప్ప ఏమున్నదని వాడు అడిగితే, అబద్ధం చెప్పి సంతోషపెట్టలేము. పని కొరకు పరదేశం వెళ్ళడం తప్పు కాదు, వెళ్ళవద్దని మేము చెప్పడం లేదు. వాని పేరు టామ్‌కామ్‌లో నమోదు చేయించాము. ఇంకా పిలుపు రాలేదు. ఈ రోజు సభకు వచ్చాడు, వెనుక గోడ దగ్గర నిలబడి ఉన్నాడు.

ఇకపై ప్రతి ఆదివారం జుహర్ నమాజు తరువాత అసర్ వరకు మేము ఇక్కడే కూర్చుంటాము. ఏ దేశం నుండి ఏ కాగితం వచ్చినా, ఫోనులో వచ్చిన సందేశమైనా సరే, తెచ్చి చూపించండి. లైసెన్సు నంబరును ఈ-మైగ్రేట్‌లో సరిచూచి చెబుతాము. ఇంగ్లీషు ఒప్పందాలు చదివి తెలుగులోనూ, ఉర్దూలోనూ వివరిస్తాము. రుసుము లేదు. డబ్బు చెల్లించిన తరువాత కాదు, చెల్లించక ముందు రండి. పాస్‌పోర్టు, దాని రెండు నకళ్ళు వెంట తెచ్చుకోండి. నకళ్ళ యంత్రం మా దగ్గర లేదు.